సున్నివా మోకాల్లో నా తాడు

జనవరి 9, శుక్రవారం

కూతురు సున్నివాను తీసుకుని బెర్గెన్ ఆసుపత్రికి వెళ్ళి వచ్చాను. మా ఆవిడ హేగెకు తను పనిచేసే బడిలో సెలవు దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది. కాదు, దొరక్కపోవడమే మంచిదయింది. ఏది నిజమో నాకే తెలియడం లేదు, అందుకే రాస్తున్నాను. ఈ పుస్తకం పడవ సామాన్ల పెట్టెలో ఉంటుంది. హేగె ఆ పెట్టె మూత కూడా ఎత్తదు, చేపల కంపు అంటుంది.

డాక్టర్ ఆస్త్రి కాగితం మీద మోకాలి బొమ్మ గీసి చూపించింది. హ్యాండ్‌బాల్ ఆటలో తెగిన లిగమెంట్ దానంతట అది అతుక్కోదట. దాని చోట ఇంకో స్నాయువు తెచ్చి, ఎముకలో సొరంగాలు తొలిచి కట్టాలి. సున్నివాకు పద్నాలుగేళ్ళు, ఇంకా ఎదుగుతున్న పిల్ల, దాని తొడ వెనక ఉన్నవి మరీ సన్నం. తల్లిదో తండ్రిదో అయితే పని జరుగుతుంది.

నేను బడిపిల్లాడిలా చెయ్యెత్తాను.

"నాన్నది ముసలి తాడు కదా, పుటుక్కుమనదా?" అంది సున్నివా.

"ముసలిదే, కానీ లావుది," అంది ఆస్త్రి.

ఆ తర్వాత అడిగింది. సిగరెట్టు గానీ, పెదవి కింద పెట్టుకునే స్నూస్ పొగాకు గానీ, నికోటిన్ ఏ రూపంలోనైనా ఉందా, ఇద్దరినీ అడుగుతున్నాను అని.

"లేదు," అన్నాను.

సున్నివా నా వైపు చూసింది. తర్వాత అదీ "లేదు" అంది.

అప్పుడు నా స్నూస్ డబ్బా కోటు లోపలి జేబులోనే ఉంది. కిందటి వేసవిలో హేగె ముందు ఒట్టేసి మానేశాను కదా, ఇంట్లో అందరి లెక్కలో నేను మానేసినవాణ్ణి. కూతురు పక్కన కూర్చుని ఉండగా నోరెలా వస్తుంది? సోమవారం నుంచి నిజంగానే మానేస్తాను. అప్పుడిది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం.

జనవరి 12

మానేశాను.

జనవరి 14

ఫెర్రీ మీద డ్యూటీలో పగలంతా ఎదురుగాలి, కార్లకు గొలుసులు బిగించేసరికి వేళ్ళు కొయ్యబారాయి. నాతో పనిచేసే షెల్ తన డబ్బా చాపాడు. ఒక్కటే తీసుకున్నాను. పక్కవాడు చాపితే వద్దనడం మర్యాద కాదు.

జనవరి 26

రేపే ఆపరేషన్. ఆసుపత్రి దగ్గరి హోటల్ బాత్రూంలో కుళాయి తిప్పి, పైపెదవి కింద ఇంకొకటి పెట్టుకున్నాను. ఇదే చివరిది. అద్దంలో నా మొహం తేలు కుట్టిన దొంగ మొహంలా ఉంది.

ఫిబ్రవరి 1

ఇద్దరం ఇంటికి వచ్చాం. సోఫాకు ఆ చివర అది, ఈ చివర నేను. ఇద్దరి ఎడమ కాళ్ళూ దిండ్ల మీద. "నా కొట్టంలో రెండు కుంటి గుర్రాలు," అని హేగె ఫోన్‌లో వాళ్ళక్కకు చెప్పి నవ్వింది.

ఫిజియోథెరపిస్ట్ యార్లె వచ్చి ఇద్దరినీ నేల మీద పడుకోబెట్టి మడమలు వెనక్కి జరపమన్నాడు. నాకు చెమటలు పట్టాయి.

"నాన్నా, తాడు ఇచ్చినవాడివి నువ్వే ఇలా మూలుగుతుంటే, పుచ్చుకున్నదాన్ని నేనేం చెయ్యాలి?"

"నోరు మూసుకుని మడమ జరుపు."

"నువ్వు నోరు మూసుకుంటే నేను జరుపుతా."

యార్లె పొట్ట పట్టుకుని నవ్వాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర నాతో అన్నాడు, "కుట్టడం ఆస్త్రి పని, కండ పెంచడం నా పని, ఆ తాడు బతకడం మాత్రం మా ఇద్దరి చేతుల్లో లేదు. తిండి, నిద్ర, రక్తం బాగా ఆడటం, అంతే." మంచివాడు. కాస్త తక్కువ మాట్లాడితే ఇంకా మంచివాడు.

ఫిబ్రవరి 9

హేగె బడికి, సున్నివా స్నానానికి వెళ్ళిన సందు చూసి, కర్రల మీద గరాజ్‌కు వెళ్ళాను. లైఫ్ జాకెట్ల కింద దాచిన డబ్బా తీశాను. నా తాడు ఇప్పుడు దాని మోకాల్లో ఉంది, నా దగ్గర లేదు. నేనిప్పుడు ఏం చేసినా దానికి అంటదు. దానికి అంటేదేదైనా ఉంటే, ఆపరేషన్‌కు ముందు చేసినదే.

అలా రాశాక నాకు ఊరట రావాలి. రాలేదు. ఏళ్ళ తరబడి స్నూస్‌లో ఊరిన తాడును నా పిల్ల ఎముకలో కట్టించాను.

ఫిబ్రవరి 19

మొన్న కొన్న డబ్బా ఖాళీ. వారం వస్తుందనుకున్నాను. ఇన్ని ఎప్పుడు పెట్టుకున్నానో నాకే గుర్తు లేదు. సిగ్గు లేకుండా పోతున్నాను.

మార్చి 20

సున్నివా కర్రలు వదిలి చాలా రోజులైంది. కదలని వ్యాయామం సైకిలు తొక్కుతోంది, తిడుతోంది, మళ్ళీ తొక్కుతోంది. జట్టులో ఆడపిల్లలంతా వచ్చి దాని గదిలో పిజ్జా తిన్నారు. వచ్చే శరత్కాలంలో దానికి మధ్యలో ఆడే చోటు ఉంచుతామని కోచ్ చెప్పి పంపాడట. ఆ చోటు కోసమే అది బతుకుతోంది.

యార్లె రెండు చేతులతో దాని కాలు పట్టుకుని పిక్కను ముందుకు లాగి చూశాడు. మళ్ళీ చూశాడు. "కొంచెం వదులుగా ఉంది, చూద్దాం," అన్నాడు. మామూలుగా నవ్వే మనిషి నవ్వలేదు.

ఏప్రిల్ 6

ఈస్టర్‌కి కొండ మీది గుడిసెలో ఉన్నాం. వచ్చిన రోజే డబ్బాను మంచులోకి విసిరేశాను, చూసుకో హేగె, అని మనసులోనే అన్నాను. అప్పటి నుంచి ఒళ్ళంతా మంట. నారింజ వలిస్తే కోపం, పేకముక్కలు పడకపోతే కోపం.

విచిత్రమేమిటంటే సున్నివా కూడా అంతే. తలనొప్పి అంటుంది, ముసుగు తన్ని పడుకుంటుంది, పలకరిస్తే కరుస్తుంది. "వయసు," అంది హేగె, "నీకేమొచ్చిందో మాత్రం తెలియదు." నాకేమొచ్చిందో నాకు తెలుసు. ఆ పిల్లకేమొచ్చిందో.

ఏప్రిల్ 9

ఊళ్ళోకి దిగగానే రెండు డబ్బాలు కొన్నాను. ఈ మధ్య నాకు లెక్క ఉండటం లేదు. ఒకటి చాలడం లేదు, రెండైతే గొడవ ఉండదు.

ఏప్రిల్ 27

రెండు కొన్నాను.

మే 17

రాజ్యాంగ దినం, జెండాల పండుగ. మా సంప్రదాయ దుస్తులు, బునాద్, వేసుకుని సున్నివా మెట్లు దిగుతుంటే హేగె కళ్ళు తుడుచుకుంది. ఉన్ని లంగా కింద మోకాలి పట్టీ కనబడదు. జట్టుతో పాటు ఊరేగింపులో నడుస్తానని పట్టుబట్టింది. నేను పక్కనే, జనంలో, దాని కాలునే చూస్తూ నడిచాను. బ్యాండు వాయించినదేదీ నా చెవికి ఎక్కలేదు.

బ్యాంకు మూల దగ్గర కాలిబాట మీంచి రోడ్డు మీదికి దిగుతూ ఒక్కసారి ఆగిపోయింది. మొహం తెల్లబడింది. జనాన్ని తోసుకుని వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"నాన్నా, లోపల అది కదిలింది."

"జారావేమో."

"జారలేదు. కదిలింది. అమ్మకు చెప్పకు, ఇవాళ కాదు."

చెప్పలేదు. ఈ ఇంట్లో చెప్పకుండా ఉండటంలో నన్ను మించినవాడు లేడు. ఐస్‌క్రీం కొని పెట్టాను. తినలేకపోయింది.

జూన్ 10

స్కాన్. ఆస్త్రి తెర మీద చూపించింది. ఈపాటికి తాడు చుట్టూ ఎముక పట్టు బిగించాలి. అలా జరగలేదు, సొరంగం వెడల్పయింది. తాడులో పాలిపోయిన చోట్లు ఉన్నాయట, రక్తం చేరని చోట్లు.

"అంటే నా చోటు?" అంది సున్నివా.

"శరత్కాలానికి ఆట మాట మర్చిపో. అసలు ఈ తాడు నిలుస్తుందా అన్నదే ఇప్పుడు మన ప్రశ్న. నిలవకపోతే మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి."

హేగె ఇవాళ వచ్చింది. ఎందుకిలా అయిందని అడిగింది. కొందరిలో అవుతుంది, కారణం ఎప్పుడూ దొరకదు అంది ఆస్త్రి. కారణం ఆవిడ ఎదురుగా కుర్చీలోనే కూర్చుని ఉంది, టోపీ నలుపుకుంటూ.

తిరుగు దారంతా సున్నివా కిటికీకి తల ఆనించుకునే ఉంది. పిల్ల ఏడుస్తుంటే వినడం వేరు. ఏడవకుండా ఉంటే పక్కన కూర్చోవడం వేరు. నా వల్ల కావడం లేదు. రేపు ఫోన్ చేసి చెప్పేస్తాను.

జూన్ 11

చెయ్యలేదు.

జూన్ 12

చేశాను. ఫెర్రీ వెనక భాగంలో, ఇంజను హోరులో నిలబడి ఆస్త్రికి అంతా చెప్పాను. అబద్ధం చెప్పాను, ముందు రోజు దాకా వాడాను, ఇప్పటికీ వాడుతున్నాను, నా పాడు తాడు నా పిల్ల మోకాల్లో కుళ్ళుతోంది అని.

ఆవిడ చివరిదాకా విన్నది.

"ఒడ్‌వార్, మీ తాడు నేను కోసిన క్షణమే చచ్చిపోయింది. అందరిదీ అంతే. అది ఉట్టి పందిరి. దాని మీదికి ఆ పిల్ల రక్తం పాకాలి, ఆ పిల్ల కణాలు చేరి దాన్ని తమదిగా చేసుకోవాలి. మీరు పెట్టుకున్న స్నూస్ మీ కాలి గాయాన్ని ఆలస్యం చేసి ఉండొచ్చు. ఆమె మోకాలికి దానితో సంబంధం లేదు."

"ఖాయంగానా?"

"నేను చెప్పగలిగినంత ఖాయంగా. అబద్ధం చెప్పినందుకు మాత్రం కోపంగానే ఉంది. ఆమె తీసుకుంటుంటే వేరే మాట, నికోటిన్ సన్నటి రక్తనాళాలను బిగించేస్తుంది, పాకాల్సిన రక్తం పాకదు. ఆమెకు ఆ అలవాటు లేదు కదా."

"అబ్బే," అన్నాను.

పీడ విరగడైంది. జనవరి నుంచి ఛాతీ మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోయింది. షెల్‌కు కాఫీ ఇప్పించాను, దాల్చినచెక్క రొట్టె కూడా ఇప్పించాను. ఏమయ్యా లాటరీ తగిలిందా అన్నాడు. నా తప్పు కాదు. నా తప్పు కాదు. ఇంటికి వెళ్ళి, ముందు గరాజ్‌లో ఒకటి పెట్టుకుని, ఆ తర్వాత లోపలికి వెళ్ళి దాన్ని గట్టిగా కౌగిలించుకుంటాను.

జూన్ 12, మళ్ళీ

లైఫ్ జాకెట్ల కింద డబ్బా సగం ఖాళీ. నిన్న కొన్నది. నేనింకా మూత తియ్యలేదు.

జూన్ 14

ఎలుకలు కావచ్చు. గరాజ్‌లో ఎప్పుడూ ఎలుకలుంటాయి.

జూన్ 15

ఎలుక మూత తీసి, తిని, మళ్ళీ మూత పెడుతుందా? సిగ్గుండాలి నాకు.

జూన్ 16

ఈ పుస్తకంలో పోయిన నెలల పేజీలు తిరగేసి చదివాను. రెండు కొన్నాను, రెండు కొన్నాను. ఎవరి కోసం కొన్నావురా?

జూన్ 20

పీతల బుట్టలు చూసొద్దామని సున్నివాను పడవలో తీసుకెళ్ళాను. అడిగే చోటు ఇంట్లో దొరకలేదు. పడవలో అయితే అది లేచి వెళ్ళిపోవడానికి ఉండదు, నాకూ ఉండదు. బుట్ట పైకి లాగి, లోపల ఏమీ లేకపోయినా చూస్తూ అడిగాను.

"గరాజ్‌లోవి నువ్వు తీస్తున్నావా?"

అది బుకాయిస్తుందనుకున్నాను. బుకాయించలేదు. నేనే ఏదో తెలివితక్కువ మాట అన్నట్టు చూసింది.

"అదేంటి? నీకు తెలుసు కదా."

"నాకెలా తెలుస్తుంది?"

"తగ్గిన ప్రతిసారీ రెండు పెడుతున్నావు కదా. ఒకటి నీకు, ఒకటి నాకు అనుకున్నా. అమ్మకు తెలియకుండా నా కోసం పెడుతున్నావనుకున్నా."

బుట్ట చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. నేను దాన్ని పట్టుకోలేదు.

మెల్లగా అంతా చెప్పింది. బట్టలు మార్చుకునే గదిలో పెద్ద పిల్లలు ఇచ్చారు, పోయిన ఏడాది. అందరూ పెట్టుకునేవాళ్ళే. ఆపరేషన్ అయ్యాక ఇల్లు కదల్లేక, వెతికితే నాది దొరికింది.

"మరి డాక్టరు అడిగినప్పుడు లేదన్నావేం?"

"నువ్వన్నావుగా." పడవ అంచు గట్టిగా పట్టుకుంది. "నువ్వు అంత మామూలుగా లేదన్నావు. అందుకని అది ఊరికే అడిగే ప్రశ్న అనుకున్నా నాన్నా. నిజంగా ముఖ్యమైతే నువ్వు చెప్పేవాడివి కదా, నా మోకాలు కదా అది."

రక్తనాళాల సంగతి చెప్పాను. ఆస్త్రి నాతో అన్న మాటలన్నీ చెప్పాను. అది తల వంచుకుని విన్నది. తర్వాత తన మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది, నిద్రపోతున్న పసిపిల్లను ముట్టుకున్నట్టు.

"అమ్మకు చెప్పకు," అంది.

"చెప్పాలి."

"చెప్పకు నాన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా."

నేను పడవ ఇంజను వేశాను. సముద్రం మీద నలభై ఏళ్ళుగా తిరుగుతున్నాను, వాంతి ఎరుగను. ఇవాళ ఒడ్డు చేరకముందే అయింది.

జూన్ 21

ఇద్దరం కలిసి హేగెకు చెప్పాం. హ్యాండ్‌బాల్ క్లబ్బుకు డబ్బు పోగుచెయ్యడానికి ఇంటింటికీ అమ్మాల్సిన టాయిలెట్ పేపర్ కట్టలు పేర్చుకుంటోంది. పేర్చడం ఆపలేదు. చివరి కట్ట పెట్టి మా వైపు తిరిగింది.

"నా చేతి వంట తింటూ, నా ఎదురుగా కూర్చుని, ఇద్దరూ."

సున్నివా ఏడ్చేసింది. హేగె దాన్ని దగ్గరికి తీసుకుంది. దాని తల మీదుగా నాతో అంది, "దీన్ని క్షమిస్తాను. దీనికి పద్నాలుగేళ్ళు."

నా సంగతి అనలేదు. రాత్రి దీపం ఆర్పేదాకా కూడా అనలేదు.

జూన్ 22

ఆస్త్రికి ఫోన్ చేశాను. ఈసారి సున్నివా పక్కనే ఉంది, స్పీకర్ పెట్టాం. స్నూసే కారణమని ఒట్టేసి చెప్పలేను, కాదని కూడా చెప్పలేను అంది ఆవిడ. ఇవాళే ఆపితే రక్తం ఇప్పటికైనా దారి చూసుకోవచ్చు, శరత్కాలం దాకా చూద్దాం అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది.

జూలై 8

ఇల్లు ఇల్లులా లేదు. ఇద్దరం మానేశాం, ఇద్దరికీ ఒళ్ళు తెలియని కోపం. క్యారెట్లు నములుతున్నాం, ఉప్పు లికొరీస్ మిఠాయి నములుతున్నాం, ఒకరినొకరం నములుతున్నాం. నిన్న ఉత్త పుణ్యానికి చేపలు సరిగా వేయించలేదని దాని మీద విరుచుకుపడ్డాను. పళ్ళెం నా ముందుకు తోసి, "నీకు కావాల్సింది చేప కాదు, నాకూ కాదు. తిను," అంది. నవ్వొచ్చింది. దానికీ వచ్చింది. హేగె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆగస్టు 16

ముట్టుకోలేదు. అదీ ముట్టుకోలేదు. పొద్దున్నే యార్లె చెప్పిన గుంజీలు తీస్తోంది, పాలు తాగుతోంది, బ్రౌన్ చీజ్ మందంగా కోసుకుని తింటోంది, వేళకు పడుకుంటోంది. ఆ మోకాలికి ఏం కావాలన్నా ఇస్తోంది. చూస్తుంటే గర్వం. ఆ గర్వం నాది కాదని తెలిసి సిగ్గు.

సెప్టెంబర్ 18

స్కాన్‌లో ఎముక పక్కన కాస్త మెరుగు. "కాస్త," అని రెండుసార్లు అంది ఆస్త్రి. మాకు మెరుగు అన్న మాటే వినబడింది. హేగె కారులో నా భుజం మీద చెయ్యి వేసింది, జూన్ తర్వాత మొదటిసారి.

అక్టోబర్ 22

బస్సు దిగుతుండగా తెగింది. దూకలేదు, పరుగెత్తలేదు. బస్సు దిగింది, అంతే. నాకు ఫోన్ చేసి, "నాన్నా, పోయింది," అంది. ఏడవలేదు. నేను కారు దాని పక్కన ఆపి, నేల మీద కూర్చున్న నా కూతుర్ని చూసి, నేనే ఏడ్చాను. బస్టాపులో జనం దానికి కాదు, నాకు నీళ్ళిచ్చారు.

నవంబర్ 20

బెర్గెన్. ముగ్గురం వెళ్ళాం. మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలి, జనవరిలో. పాత సొరంగాలు ఎముకతో నింపి, మళ్ళీ తొలవాలి.

"ఈసారి దేనితో కడదాం?" అంది ఆస్త్రి. "ఒడ్‌వార్, మీ కుడి కాలిది బాగానే ఉంటుంది."

నేను అప్పటికే ఊ అంటున్నాను. ఆ కాలూ, కావాలంటే చేతులూ. తీసుకోండి, ఇప్పుడు శుభ్రంగా ఉంది, ముట్టుకుని నెలలైంది అంటున్నాను. ఒక్కడినే మాట్లాడుతున్నాను.

"వద్దు," అంది సున్నివా. "నాదే తియ్యండి. ఎముక ఎదగడం అయిపోయిందని మీరే అన్నారుగా."

"తీయొచ్చు, మోకాలి చిప్ప కింది నుంచి. నొప్పి చాలా ఉంటుంది, కోలుకోవడం కష్టం. నాన్నది తీస్తే నీకు తేలిక."

"తెలుసు. నాదే తియ్యండి."

తిరుగు దారిలో హేగె కారు నడిపింది. నేను వెనక సీట్లో సున్నివా పక్కన కూర్చున్నాను. ఫెర్రీ ఎక్కాక హేగె కాఫీకి పైకి వెళ్ళింది. అప్పుడడిగాను. నాది పాడైందనుకుంటున్నావా, ఆస్త్రి చెప్పిందిగా దానితో సంబంధం లేదని.

"అది కాదు నాన్నా."

"మరి?"

"ఈసారి తెగినా నాదే తెగాలి. నీదైతే, ప్రతిసారీ నా మోకాలి కంటే ముందు నీ మొహం చూడాలి నేను. నువ్వెలా ఉన్నావో అని. ఏడాదిగా అదే పని నాకు. విసుగొచ్చింది."

కోపంగా అనలేదు. అలసిపోయి అంది. కాసేపటికి నా భుజం మీదికి ఒరిగి నిద్రపోయింది, చిన్నప్పుడు ఒరిగినట్టే, నోరు తెరుచుకుని.

నేను బాధపడి ఉండాల్సింది. ఇంకెవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. వద్దు అని అది అన్నప్పుడు, ఆ గదిలో, ముందు నాకు హాయిగా అనిపించింది. ఈసారి ఏమైనా నాది కాదు అని. నొప్పంతా తన మీద వేసుకుని నా పిల్ల నన్ను వదిలేసింది, నేను సరేనని తల ఊపాను.